నడుం నొప్పికి సహజ వైద్యం

(మంగళగిరిలో చేనేత, వ్యవసాయ కూలి స్త్రీల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సు ఏర్పాటు చేసినవాళ్లు నాకిచ్చిన అంశం 'నడుం నొప్పి, సయాటికా - సహజ చికిత్సలు'. నేను మందులిచ్చే డాక్టర్ని కాదు. నా డాక్టరేటు సమాజశాస్త్రంలో. పేరు ముందు 'డాక్టర్' అని చూసి, ఊళ్లకు వెళ్లినప్పుడు నాడి చూడమని చెయ్యి చాపినవాళ్లు కూడా ఉన్నారు. అయినా ఈ అంశం మీద మాట్లాడటానికి ఒప్పుకున్నాను. దానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి, నా తప్పు దిద్దుకోవడం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నేత కుటుంబాల్లోనూ కూలి కుటుంబాల్లోనూ ఏళ్ల తరబడి తిరిగాను. కూలి ఎంత అని అడిగినా, అప్పు ఎంత అని అడిగినా, మొగుడు కొడతాడా అని అడిగినా మాట నడుం దగ్గరికొచ్చి ఆగేది. 'ముందీ నడుం సంగతి చెప్పమ్మా, తర్వాత కూలి సంగతి చెబుతా' అనేవాళ్లు. నా నోటుపుస్తకాల్లో కూలి రేట్లున్నాయి, వడ్డీ లెక్కలున్నాయి. నడుం నొప్పి మాత్రం లేదు. అది జవాబు కాదనుకున్నాను. మాటల మధ్య వచ్చే మూలుగనుకుని వదిలేశాను.

రెండోది, నా ఎడమ కాలు. కొన్నేళ్ల కిందట ఒక నివేదిక పూర్తి చెయ్యాలని నెల రోజులు కుర్చీలోంచి లేవకుండా రాశాను. ఒక పొద్దున మంచం దిగుతుంటే పిర్ర దగ్గర మొదలై తొడ వెనక నుంచి చిటికెన వేలు దాకా కరెంటు పాకినట్టయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ఎంఆర్ఐ తీశారు, డిస్క్ ఉబ్బిందన్నారు. అక్కడితో ఆగలేదు. పక్క గదిలోకి పంపితే ఇంకో డాక్టరు స్కాన్ తీసి, గర్భసంచిలో చిన్న గడ్డ ఉందని, 'పిల్లలు పెద్దవాళ్లయ్యారు కదా, ఇక దాంతో పనేముంది, తీయించేస్తే నడుం నొప్పి కూడా పోతుంది' అన్నారు. నాకు చదువుంది, అడగడానికి నోరుంది, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లడానికి డబ్బుంది. అందువల్ల నా గర్భసంచి నాకు మిగిలింది. కాలు నొప్పి మూడు నెలల్లో తగ్గింది. ఈ సభలో నడుం నొప్పి పోతుందని గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎంతమంది అని పొద్దున ఒక కార్యకర్త అడిగినప్పుడు లేచిన చేతులు నేనూ చూశాను.

ముందు ఈ నొప్పి ఏమిటో చూద్దాం. వెన్నుపూసల మధ్య మెత్తని దిళ్లలాంటి డిస్కులుంటాయి. నడుం దగ్గర డిస్కు ఉబ్బి గానీ చిట్లి గానీ పక్కనున్న నరం మొదట్లో ఒత్తితే, వాచేలా చేస్తే, ఆ నరం పోయే దారి పొడుగునా నొప్పి, తిమ్మిరి, మంట వస్తాయి. అదే సయాటికా. ఆయుర్వేదంలో దీన్ని గృధ్రసి అన్నారు. రోగి గద్దలాగా ఒక పక్కకు ఒరిగి నడుస్తుందని ఆ పేరు. మన ఊళ్లలో 'తుంటి నరం గుంజుతోంది' అంటారు. నడుం నొప్పులన్నీ సయాటికాలు కావు. చాలావాటికి ఒక్క కారణమని చూపించడం కుదరదు, కండరాలు, కీళ్లు, అలసట, దిగులు, నిద్రలేమి అన్నీ అందులో కలిసి ఉంటాయి. స్కాన్‌లో డిస్కు ఉబ్బు కనిపించగానే బెదిరిపోవద్దు. ఏ నొప్పీ లేని నలభై ఏళ్లవాళ్ల స్కాన్‌లు తీసినా సగం మందిలో డిస్కు ఉబ్బు కనిపిస్తుందని 2015లో అనేక అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఎక్కువ సయాటికాలు కొన్ని వారాల్లో, రెండు మూడు నెలల్లో వాటంతటవే నెమ్మదిస్తాయి.

ప్రపంచంలో మనుషుల్ని ఎక్కువ ఏళ్లు బాధతో బతికించే జబ్బుల్లో మొదటిది నడుం నొప్పి. 2020లో 61.9 కోట్ల మందికి ఉందని లెక్క. అందులో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ. ఎందుకు ఎక్కువ అంటే వెంటనే వచ్చే జవాబు, 'ఆడపుట్టుక కదమ్మా, సహజం.' కాన్పులయ్యాయి కాబట్టి సహజం, బహిష్టులు ఆగాయి కాబట్టి సహజం. సహజ చికిత్సల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు గానీ, ఆ నొప్పి సహజమన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది.

మీ పనినే చూడండి. మంగళగిరి మగ్గం గుంట మగ్గం. గుంట అంచున కూర్చుని, కాళ్లు గుంటలో పెట్టి, కర్రలు తొక్కుతూ, ఒక చేత్తో నాడె తాడు లాగుతూ, రెండో చేత్తో పలక కొడుతూ నెయ్యాలి. గుంట ఇంట్లో మగమనిషి కాళ్ల పొడుగుని బట్టి తవ్వుతారు. ఆయన కన్నా జానెడు పొట్టిగా ఉన్న ఆవిడ అదే మగ్గం మీద కూర్చుంటే కాళ్లు అందవు. అందుకోసం కూర్చున్న చోటి నుంచి ముందుకు జారి, నడుం వంచి, ఒక పక్కకు ఒరిగి తొక్కుతుంది. అలా రోజుకి ఎనిమిది గంటలు, పది గంటలు. ఒక పిన్నిగారు నాతో అన్నారు, 'అమ్మాయ్, మా ఆయన పోయి పదేళ్లయింది, గుంట మాత్రం ఇంకా ఆయన కొలతే.' వానాకాలం గుంటలో నీళ్లూరితే మగ్గం ఆగుతుంది, కూలీ ఆగుతుంది. ఆరిన తర్వాత పోయిన రోజులు పూడ్చుకోవాలని ఇంకా ఎక్కువ సేపు కూర్చుంటారు.

మగ్గం ఎక్కని స్త్రీల సంగతి ఇంకా అన్యాయం. రాట్నం ముందు బాసింపట్టు వేసుకుని కండెలు చుట్టేది వాళ్లు. పాత పడుగు పోగుకి కొత్త పోగు కలుపుతూ గంటల తరబడి మెడ వంచుకుని అచ్చు అతికేది వాళ్లు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో 72 శాతం స్త్రీలే. అయినా 'నేతగాడు' అనగానే కళ్ల ముందు కనిపించేది మగవాడు. 2019 డిసెంబరులో మన రాష్ట్రంలో మొదలైన నేతన్న నేస్తం పథకం ఏటా 24,000 రూపాయలు ఇచ్చిన రోజుల్లో కూడా లెక్క సొంత మగ్గానిదే. కండెలు చుట్టే నడుముకి ఆ లెక్కలో చోటు లేకపోయింది.

ఇక పొలం. పత్తి తీసేటప్పుడు నడుముకి ఒడి కట్టుకుంటాం. కాయ తీసే కొద్దీ ఒడి బరువెక్కుతుంది, ముందుకి లాగుతుంది, ఆ బరువుతోనే వంగి కింది కొమ్మల కాయలు తియ్యాలి. మిరప కోతల్లో పొద్దుటి నుంచి వంగిన నడుం సాయంత్రానికి గానీ లేవదు. కల్లాల్లో, గుంటూరు చుట్టుపక్కల గోడౌన్లలో తాలు ఏరడం, ముచ్చికలు తియ్యడం అంతా గొంతుకూర్చునే. అక్కడే టిక్కీలు మోసే హమాలీల నడుం కూడా విరుగుతుంది, కాదనను. కానీ హమాలీకి సంఘముంది, బస్తాకింత అని రేటుంది, బరువు మోస్తాడని అందరూ ఒప్పుకుంటారు. ముచ్చికలు తీసే మనిషి 'ఊరికే కూర్చుని' చేస్తుందట! మాట ఎంత సులువుగా వస్తుందో చూడండి.

ఇంటికొచ్చాక ఇంకో పూట పని ఉంది. పొట్టి చీపురుతో ఊడవడం, బిందెలు, బట్టలు, కింద కూర్చుని వంట. 2024 జాతీయ కాల వినియోగ సర్వేలో ఇంటి పని చేసేవాళ్లలో స్త్రీలు దానికి రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ 88 కూడా మా వీధిలో ఎవరింట్లోనూ కనిపించలేదని మీరు నవ్వుతున్నారు. సరే, సర్వే మాట అది.

ఇక్కడ అందరూ చెప్పే ఇంకో మాట ఉంది, 'పిల్లల ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ నడుం నొప్పి.' ఈ మాటను డాక్టర్లు కొట్టిపారేస్తారు. వైద్యంగా చూస్తే వాళ్లు చెప్పేది తప్పు కాదు. ఆ ఆపరేషన్‌లో వెన్నెముక జోలికి వెళ్లరు. వెన్నులో మత్తు సూది పొడిచిన చోట కొన్నాళ్లు సలుపుండొచ్చు గానీ, ఏళ్ల తరబడి నొప్పి ఆ సూది వల్లే అనడానికి ఆధారాలు దొరకలేదు. కానీ సమాజశాస్త్రం చదివినదాన్ని కదా, నాకు ఆ మాటలో ఇంకో నిజం వినిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయి, పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. చాలామందికి పాతికేళ్లు నిండకుండానే అయింది. పచ్చి కుట్లతో చంటిబిడ్డ నెత్తుకున్నాం, పచ్చి కుట్లతోనే పనిలోకి వెళ్లాం. ప్రభుత్వం మన ఒంటి మీద చెయ్యేసింది ఆ ఒక్కసారే. నడుం ఎలా ఉందని తర్వాత ఎవరూ అడగలేదు. నొప్పికి తేదీ వెయ్యాల్సి వస్తే ఆ తేదీ తప్ప వేరే ఏది గుర్తుంటుంది?

ఈ మాటను పట్టుకునే గర్భసంచి వ్యాపారం నడిచింది. నడుం నొప్పి, తెల్లబట్ట, క్యాన్సర్ భయం - ఈ మూడూ కలిస్తే ఆపరేషన్ బల్ల సిద్ధం. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. దేశంలోకెల్లా ముందు వరసలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోవే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పరిస్థితి ఎంత ముదిరిందంటే, ఆ పథకంలో ప్రైవేటు ఆసుపత్రులు ఈ ఆపరేషన్ చెయ్యకుండా ప్రభుత్వమే కట్టడి చెయ్యాల్సి వచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా చేసిన ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పిచ్చింది. ఈ ఆపరేషన్లపై కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మన జిల్లాలో దాని పర్యవేక్షణ కమిటీ ఎక్కడ కూర్చుంటుందో కనుక్కోవడం మనం చెయ్యదగ్గ పని.

గర్భసంచి తీసేస్తే నడుం నొప్పి పోతుందా? గర్భసంచిలోనే పెద్ద జబ్బుండి, దానివల్ల వచ్చే నొప్పయితే తగ్గొచ్చు. మగ్గం వల్ల, మిరప కోత వల్ల వచ్చిన నొప్పికి గర్భసంచి ఏం చేసింది? పైగా దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్లకే ముట్లుడిగిన ఒళ్లవుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నడుం నొప్పికని వెళ్లినమ్మ పదేళ్లలో ఇంకో రకం నడుం నొప్పితో తిరిగొస్తుంది.

సరే, మీరంతా ఎదురుచూస్తున్న చికిత్సల దగ్గరికొద్దాం. మన అమ్మమ్మల వైద్యంలో నాకు నచ్చేది కాపడం. వావిలాకు వేసి కాచిన నీళ్లు, వేయించిన ఉప్పు మూట, నువ్వుల నూనె మర్దన. వేడి వల్ల బిగిసిన కండరం సడలుతుంది, నొప్పి కాసేపు ఆగుతుంది. డిస్కుని వెనక్కి నెట్టదు గానీ హాని లేదు. తిమ్మిరెక్కిన చోట మాత్రం వేడి తెలియక కాలుతుంది, జాగ్రత్త. వాతలు పెట్టించుకోవడం వద్దు.

ఒక విచిత్రం చెబుతాను. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి మీద సూచనలు విడుదల చేసింది. మూలికల్లో వాడి చూడవచ్చని అది చెప్పినది మిరప పూత, అది కూడా ఆధారం బలహీనమని ఒప్పుకుంటూనే. మిరపలో మంట పుట్టించే పదార్థం నరాల కొసల్ని మొద్దుబారుస్తుంది. మిరప కోసి నడుం పోగొట్టుకున్నవాళ్లం, అదే మిరపతో చేసిన పూత డబ్బిచ్చి కొనుక్కోవాలి! నవ్వండి గానీ, ఇంటికెళ్లి పచ్చి కారం రాసుకోకండి. చర్మం బొబ్బలెక్కుతుంది. అదే సంస్థ నడుం బెల్టులూ లాగుడు చికిత్సలూ మామూలుగా వాడొద్దంది. మన ఊరి డాక్టరు ఇచ్చే నొప్పి సూది సంగతి మీకు తెలుసు. డైక్లోఫెనాక్ తరచూ వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. అది వేసుకోగానే హాయిగా ఉంటుంది, అందుకే దాన్ని నమ్మొద్దు.

మంచం మీద పడుకోవడం మందు కాదు. 1999లో నెదర్లాండ్స్‌లో సయాటికా రోగుల్లో కొందరిని రెండు వారాలు మంచం మీద ఉంచి, కొందరిని మామూలుగా తిరగనిచ్చి చూస్తే ఇద్దరికీ ఒకేలా తగ్గింది. కాబట్టి కదలండి అంటారు డాక్టర్లు. ఇక్కడ నాకో సందేహముంది. నొప్పి వస్తే జీతంతో సెలవున్న దేశంలో 'మామూలుగా తిరగడం' వేరు, మిరప చేలో పది గంటలు వంగడం వేరు. మీకు చెప్పాల్సింది, పూర్తిగా పడుకోకండి, నొప్పి కొత్తగా ఉన్న రోజుల్లో వంగే పని, బరువు పని మాత్రం మానండి అని. ఆ నాలుగు రోజుల కూలి ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. పొదుపు సంఘాల్లో పెళ్లికి, చావుకి అప్పిస్తాం కదా, నడుం పడిపోయిన వారానికి వడ్డీ లేకుండా ఎందుకివ్వకూడదు?

చాపమీద బోర్లా పడుకుని, మోచేతుల మీద ఛాతీ కొంచెం లేపి, కాసేపుండి దించండి. పదిసార్లు చెయ్యండి. కాలిలోని నొప్పి పైకి పాకి నడుం దగ్గరికి చేరితే మంచి గుర్తు. నొప్పి కిందికి దిగితే ఆపెయ్యండి. వెల్లకిలా పడుకున్నప్పుడు మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. నొప్పి తగ్గాక నడక మొదలుపెట్టండి. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, క్రమంగా పెంచుకుంటూ వారానికి అయిదు రోజులు అరగంట దాకా నడక అలవాటు చేసుకున్నవాళ్లకి నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది, మిగతావాళ్లకి 112. 'మేం నడవమా మేడమ్?' అని ముందు వరసలోంచి ఎవరో అన్నారు. నిజమే, నెత్తిన మోపుతో, చంకన బిడ్డతో నడుస్తారు. ఖాళీ చేతులతో, చేతులు ఊపుకుంటూ, ఎవరికీ ఎక్కడికి అని చెప్పకుండా నడిచే అరగంట సంగతి నేనడుగుతున్నది. పానకాల స్వామి కొండ చుట్టూ పొద్దున నడిచేవాళ్లలో నేత వీధి స్త్రీలు ఎందరున్నారో మీకే తెలుసు. నలుగురు కలిసి బయల్దేరితే అడిగేవాళ్ల నోళ్లు కొంత మూతపడతాయి.

కొన్ని గుర్తులుంటే మాత్రం కాపడాలతో కాలక్షేపం చెయ్యొద్దు. మూత్రం, మలం పట్టు తప్పినా, మూత్రం బిగిసిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే ఆ నరాలు తిరిగి రాకపోవచ్చు. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా అంతే. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు ఎక్కువయ్యే నొప్పి ఉంటే వెన్ను క్షయ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, పరీక్ష చేయించండి. మంగళగిరిలోనే ఎయిమ్స్ ఉంది. పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడాలి, నిజమే. ఒంటరిగా వెళ్లకండి. గర్భసంచి తియ్యాలని ఎవరన్నా చెబితే జబ్బు పేరు కాగితం మీద రాసివ్వమనండి, ఇంకో డాక్టరుకి చూపించండి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1923 నాటి నష్టపరిహార చట్టంలో వృత్తి వ్యాధుల జాబితా ఉండేది. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బిస్సినోసిస్ అందులో ఉంది. మిల్లు కార్మికులు పోరాడారు కాబట్టి దుమ్ముకి పేరొచ్చింది. అదే పత్తిని చేలో వంగి తీసిన నడుముకి అందులో పేరు లేదు. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా అలాంటి జాబితా ఉంది. అందులో మన నడుం చేర్చమని అడగాలంటే లెక్కలు కావాలి. ఎన్నేళ్ల వయసులో, ఏ పనిలో, ఎన్ని గంటలకి నొప్పి మొదలైందో ఎవరూ రాసిపెట్టలేదు. నేనూ రాయలేదని మొదటే ఒప్పుకున్నాను. ఈ మధ్యాహ్నం మీకిచ్చే కాగితాలు అందుకే. చదువు రానివాళ్ల దగ్గర కాలేజీ అమ్మాయిలు కూర్చుని రాసుకుంటారు.

మగ్గాల మీద పనిచేసేవాళ్లు రేపు ఇంట్లో ఒక టేపు పట్టుకోండి. కూర్చున్న చోటి నుంచి తొక్కే కర్ర దాకా ఎంతుందో, మీ మోకాలు నుంచి మడమ దాకా ఎంతుందో కొలవండి. తేడా ఉంటే గుంటలో రెండు ఇటుకలు, వాటి మీద పలక వేసి, కర్రని దానికి తగ్గట్టు పైకి కట్టించండి. కూర్చునే పలక మీద వెనక వైపు ఎత్తుగా ఉండేలా బొంత మడత పెట్టండి. ఒక కండె అయిపోయినప్పుడల్లా కాకపోయినా, నాలుగు కండెలకోసారి లేచి నిలబడి నడుం వెనక్కి వంచండి. చీపురుకి పొడుగు కర్ర కట్టండి. అత్తగారు ఏమన్నా అంటే నా పేరు చెప్పండి.

పది గంటల నుంచి మిమ్మల్ని కింద కూర్చోబెట్టి నేను మాత్రం నిలబడి మాట్లాడుతున్నాను. ఇక లేవండి. చాపలు చుట్టేసి కాసేపు అటూ ఇటూ తిరిగి రండి, ప్రశ్నలు నిలబడే అడుగుదురుగాని.